ముక్కంటి యంత్రం

గొట్టంలో వెల్లకిలా పడుకున్న మనిషి చెవుల్లో ఒకటే చప్పుడు. బీప్, బీప్, బీప్, బీప్. ఉన్నట్టుండి ఒక బూప్. మళ్లీ బీప్, బీప్. అతణ్ని ఏమీ చెయ్యమనరు. శ్రద్ధగా వినమని కూడా అనరు. కళ్లెదుట అద్దంలో మాటల్లేని సినిమా ఏదో నడుస్తుంటుంది, దాన్ని చూసుకోమంటారు. అయినా బూప్ వినపడ్డాక సెకనులో ఐదో వంతు గడిచేసరికల్లా మెదడు చిన్నగా ఉలిక్కిపడుతుంది. వరస తప్పిందని మనిషి గమనించకపోయినా మెదడు గమనించేస్తుంది. ఇంట్లో ఫ్యాను తిరిగినంతసేపూ దాని చప్పుడు మనకు పట్టదు. రెక్క దేనికో తగిలి టక్కుమంటే మాత్రం పుస్తకంలోంచి తలెత్తుతాం. ఇదీ అలాంటిదే.

ఈ ఉలికిపాటును 1978లో ఫిన్లండ్ మనస్తత్వ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్, ఆయన సహచరులు వర్ణించారు. తలకు అంటించిన ఎలక్ట్రోడుల్లో, అంటే ఈఈజీలో, అది కొద్ది మైక్రోవోల్టుల పల్లంలా నమోదవుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఆ పల్లం లోతు తక్కువని 1990ల నుంచి ఎన్నో ప్రయోగశాలలు చూశాయి. అందరిలోనూ అని కాదు, సగటున. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కెటమిన్ అనే మత్తుమందు కొద్దిగా ఇచ్చినా పల్లం ఇలాగే తగ్గుతుంది. కెటమిన్ చేసే పని, గ్లూటమేట్ అనే నాడీ రసాయనం వచ్చి వాలే ఒకరకం గ్రాహకాలకు అడ్డుపడటం. దాంతో ఈ జబ్బులో కూడా దొంగ గ్లూటమేట్ వ్యవస్థలోనే దాక్కున్నాడా అన్న అనుమానం వస్తుంది.

అనుమానం వేరు, పట్టుకోవడం వేరు. ఎలక్ట్రోడు చెప్పగలిగేది ‘ఎప్పుడు’ అన్న సంగతి ఒక్కటే. ఆ ఉలికిపాటు మెదడులో ఏ మడత దగ్గర పుట్టిందో అది ఉజ్జాయింపుగా తప్ప చెప్పలేదు. ఏ రసాయనం తగ్గిందో, ఏ కణాలు ఎంత చక్కెర తిన్నాయో దానికి అసలే తెలియదు. అందుకని అదే మనిషిని, అదే క్షణంలో మరో రెండు పరికరాలతో కూడా చూడాలని కొందరు పట్టుబట్టారు. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయం సారథ్యంలో, ఐరోపా సమాఖ్య నిధులతో 2013 చివర్లో ట్రైమేజ్ అనే ప్రాజెక్టు మొదలైంది. ఎమ్మారై, పెట్, ఈఈజీ మూడూ ఒకే గొట్టంలో ఇమిడిన యంత్రం తయారు చెయ్యాలి, అదీ ముఖ్యంగా స్కిజోఫ్రీనియా కోసం. ముక్కంటి అన్న పేరు నేను పెట్టుకున్నది. మూడో కన్ను తెరిస్తే ఏదీ భస్మం కాదు గానీ, తెరవడానికి ఇంజనీర్లు పడ్డ పాట్లు తక్కువవి కావు. అక్కడికి వద్దాం. ముందు జబ్బు సంగతి.

స్కిజోఫ్రీనియా అనగానే మనలో చాలామందికి ‘అపరిచితుడు’ సినిమా గుర్తొస్తుంది. ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండటం ఈ జబ్బు కాదు, అది వేరే రుగ్మత. ఇక్కడ జరిగేది వేరు. ఎవరూ లేనిచోట మాటలు వినపడతాయి. పక్కింటివాళ్లు తన మీద కుట్ర పన్నుతున్నారనో, టీవీలో వార్తలు చదివే మనిషి తనకే సైగ చేస్తోందనో గట్టి నమ్మకం కుదురుతుంది. ఎదురు వాదించిన కొద్దీ అది బలపడుతుంది. వీటికంటే కుటుంబాన్ని ఎక్కువ కుంగదీసేది మరొకటుంది: ఆ మనిషి మెల్లమెల్లగా మాట తగ్గించి, స్నానం మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం. మన ఊళ్లలో దీన్ని గాలి సోకిందంటారు, చేతబడి అంటారు. ఆస్పత్రి గడప తొక్కేలోపు భూతవైద్యుడి దగ్గరికో దర్గాకో తీసుకెళ్లడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి లెక్కన భూమ్మీద సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి, అంటే దాదాపు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది.

ఈ పేరు పెట్టిన స్విస్ వైద్యుడు ఆయ్‌గన్ బ్లాయ్‌లర్ ఉద్దేశం కూడా ఇద్దరు మనుషులని కాదు. 1908లో ఆయన గ్రీకులోంచి చీలిక, మనసు అనే రెండు మాటలు తెచ్చి అతికించాడు. ఆయన చూసిన చీలిక, మనసులోని పనుల మధ్య చీలిక. ఆలోచన ఒక దారిన పోతుంది, భావం ఇంకో దారిన పోతుంది, సంకల్పం ఎక్కడికీ పోదు. ఏ భాగమూ విరగలేదు, భాగాల మధ్య పొత్తు చెడింది. నూరేళ్లు దాటాక యంత్రాలు చెబుతున్నది కూడా దాదాపు ఇదే కావడం నాకు వింతగా ఉంటుంది. ఆయన దగ్గర యంత్రాలేవీ లేవు, రోగుల పక్కన కూర్చునే ఓపిక మాత్రం ఉంది.

మెదడును కోసి చూసినవాళ్లకు మాత్రం ఏమీ దొరకలేదు. ఈ జబ్బును ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించిన ఎమిల్ క్రేపెలిన్ మ్యూనిక్ ఆస్పత్రిలోనే అలోయిస్ అల్‌జైమర్ పనిచేశాడు. మతిమరపు జబ్బులో మెదడులో పేరుకునే మచ్చలు ఆయన సూక్ష్మదర్శినికి చిక్కాయి, ఆ జబ్బుకు ఆయన పేరే వచ్చింది. స్కిజోఫ్రీనియాకు అలాంటి ముద్ర ఏదీ చిక్కలేదు. 1972లో అమెరికన్ నాడీ వైద్యుడు ఫ్రెడ్ ప్లమ్ ఈ జబ్బును మెదడు కోతల నిపుణుల శ్మశానంగా అభివర్ణించాడు. ఎన్నో పరిశోధనలు వచ్చి అక్కడే పూడిపోయాయని.

ఆయన ఆ మాట అనేనాటికే లండన్‌లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కానర్ పని మొదలుపెట్టింది. 1976లో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం చాలా ఏళ్లుగా ఆస్పత్రిలోనే ఉండిపోయిన 17 మంది రోగుల తలలను దానితో చూసింది. మెదడు మధ్యలో ద్రవం నిండి ఉండే గదులు వాళ్లలో పెద్దవిగా ఉన్నాయి. గదులు పెరిగాయంటే చుట్టూ ఉన్న కణజాలం ఆ మేరకు తగ్గిందన్నమాట. ‘అంతా పెంపకం లోపం, తల్లి సరిగా చూడలేదు’ అంటూ తల్లుల్ని బోనెక్కించిన కాలం అది. ఆ 17 చిత్రాలు వాళ్లకు ఎంత ఊరట ఇచ్చి ఉంటాయో ఏ పత్రికా రాయలేదు.

తర్వాత లెక్క పెద్దదైంది. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2,028 మంది రోగుల, 2,540 మంది ఆరోగ్యవంతుల ఎమ్మారైలను కలిపి చూసింది. గదులు పెద్దవి, జ్ఞాపకాలను కుదురుపరిచే హిప్పోక్యాంపస్ చిన్నది. అయితే ఇదంతా సగటు. గోదావరి జిల్లాల వాళ్ల సగటు ఎత్తుకూ రాయలసీమ వాళ్ల సగటు ఎత్తుకూ తేడా ఉందే అనుకోండి, దాన్ని పట్టుకుని రైల్లో మీ ఎదుట కూర్చున్నాయనది ఏ ఊరో చెప్పగలరా? స్కాన్ చూసి స్కిజోఫ్రీనియా అని తేల్చడం కూడా అంతే. పైగా 2011లో అమెరికాలో బెంగ్-చూన్ హో, నాన్సీ ఆండ్రియాసెన్ బృందం 211 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించి ఇంకో చిక్కు చూపించింది: మందులు ఎక్కువ వాడినవాళ్లలో మెదడు బూడిదరంగు పదార్థం ఎక్కువ తగ్గింది. తగ్గుదలలో జబ్బు వాటా ఎంత, మందు వాటా ఎంత? ఒట్టి ఆకారాన్ని చూస్తూ కూర్చుంటే తేలే సంగతి కాదు.

మందుల కథలో మన దేశానిది పెద్ద పాత్రే. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు సర్పగంధి వేరును ఉన్మాదానికీ రక్తపోటుకూ వాడి, ఆ అనుభవాన్ని పత్రికలో రాశారు. ఆ వేరులోంచే తర్వాత రిసర్పిన్ అనే పదార్థం తీశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రిసర్పిన్ ఎక్కించిన కుందేళ్లు కదలకుండా చతికిలబడితే, వాటికి ఎల్-డోపా ఇచ్చాడు. చెవులు నిక్కబొడుచుకుని లేచాయి. డోపమీన్ దానంతట అదే ఒక నాడీ సందేశవాహకం అని 1950ల చివర్లో అలా తేలింది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. వాడుకలో ఉన్న స్కిజోఫ్రీనియా మందుల్లో దాదాపు అన్నీ ఏదో ఒక మేరకు డోపమీన్ గ్రాహకాలకు అడ్డుపడేవేనని 1970ల నాటికి అర్థమైంది.

ఆ అడ్డుపడటాన్ని బతికున్న మనిషి తలలో కొలిచింది పెట్ స్కాన్. ఇది పనిచేసే తీరు గమ్మత్తుగా ఉంటుంది. చక్కెర లాంటి అణువుకో, డోపమీన్ గ్రాహకాన్ని వెతుక్కుంటూ పోయే అణువుకో ఒక రేడియోధార్మిక పరమాణువును తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. అది పాజిట్రాన్‌ను విడుదల చేస్తుంది. పాజిట్రాన్ ఎదురుపడ్డ ఎలక్ట్రాన్‌తో కలిసి నశిస్తుంది. రెండూ పోయి రెండు గామా కిరణాలు మిగులుతాయి, ఒక్కోటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో, ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేక దిశల్లో. తల చుట్టూ వలయంగా పేర్చిన స్ఫటికాల్లో ఎదురెదురు రెండు ఒకేసారి మెరిస్తే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో ఆ చక్కెర అణువు ఉందని అర్థం. అలాంటి లక్షల గీతల్లోంచి బొమ్మ గీస్తారు. స్టాక్‌హోమ్‌లో లార్స్ ఫార్డే బృందం ఈ పద్ధతితోనే, మామూలు డోసుల్లో మందులు డోపమీన్ గ్రాహకాల్లో సుమారు 65 నుంచి 85 శాతాన్ని మూస్తున్నాయని చూపింది. దాదాపు 80 శాతం మించి మూస్తే గుణం పెరగదు. ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు వణకడం పెరుగుతాయి. చప్పుడు చెయ్యని రోగే మంచి రోగి అన్నట్టు డోసులు దంచేసిన రోజుల తర్వాత ఈ అంకె ఎంతమంది ఒంటికి మేలు చేసిందో!

ఇక ఎమ్మారైకి ఇంకో విద్య వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ ఉంటే ఒక తీరుగా, పోతే ఇంకో తీరుగా అయస్కాంతానికి స్పందిస్తుందన్న సంగతిని సెయ్‌జీ ఒగావా 1990లో వాడుకున్నాడు. మెదడులో ఏ పేట పనిలో ఉందో ఇలా కనిపిస్తుంది. 1999లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ముగ్గురు రోగులను గొట్టంలో పడుకోబెట్టి, మాటలు వినపడ్డప్పుడు బొత్తాం నొక్కమన్నారు. బొత్తాం నొక్కినప్పుడల్లా చెవి నుంచి వచ్చే శబ్దాలను మొదట అందుకునే హెష్ల్ మడత చురుగ్గా ఉంది. బయట చప్పుడు లేదు, వినే చోటు మాత్రం వింటోంది. ‘అంతా నీ భ్రమ’ అని వాళ్లను కసురుకునేవాళ్లు ఈ ప్రయోగం గుర్తుంచుకుంటే బాగుంటుంది. వాళ్లు నిజంగానే వింటున్నారు.

ఇలా ఎవరికి వాళ్లు బాగానే చూశారు. మరి మూడూ ఒకేసారి ఎందుకు? సోమవారం ఈఈజీ, బుధవారం ఎమ్మారై, శుక్రవారం పెట్ తీసి బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టుకోకూడదా?

బుర్రకథ తలుచుకోండి. నడుమ తంబురా పట్టిన కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. ముగ్గుర్నీ మూడు వేర్వేరు రోజులు పిలిచి ఎవరి ముక్క వాళ్ల చేత పాడించి రికార్డు చేస్తే, మీ దగ్గర మూడు గొంతులు ఉంటాయి, బుర్రకథ ఉండదు. కథకుడు ఆపిన చోట వంత అందుకోవడంలో ఉంది కథ. మెదడులో కూడా ఎవరు ఆపితే ఎవరు అందుకుంటున్నారన్నదే స్కిజోఫ్రీనియాలో తేలవలసిన ప్రశ్న. పైగా సోమవారం తల శుక్రవారం ఉండదు. ఆ మధ్యలో నిద్ర చెడి ఉండొచ్చు, మాత్ర మానేసి ఉండొచ్చు, అర డజను సిగరెట్లు కాల్చి ఉండొచ్చు. ఈ రోగుల్లో పొగ తాగేవాళ్లు ఎక్కువ, నికోటిన్ డోపమీన్‌ను కదిలిస్తుంది. వినపడే గొంతులు కూడా చెప్పి రావు, చెప్పి పోవు.

ఒకే మనిషిలో రెండు కొలతలు ఒకే విడతలో తీస్తే ఏం తెలుస్తుందో 2002లోనే ఒక రుచి దొరికింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఆండ్రియాస్ మేయర్-లిండెన్‌బర్గ్ బృందం, మందులు వాడకుండా ఉన్న ఆరుగురు రోగులకు పెట్ గొట్టంలోనే ఒక పేకముక్కల పరీక్ష పెట్టింది. ముక్కల్ని రంగును బట్టి జత చెయ్యాలా, ఆకారాన్ని బట్టా అన్నది ఎవరూ చెప్పరు, తప్పొప్పులను బట్టి ఊహించుకోవాలి. కాస్త అలవాటు పడగానే సూత్రం మార్చేస్తారు. ఆ పని చేసేటప్పుడు నుదుటి వెనక భాగానికి రక్తం ఎంత పోయిందో కొలిచారు. ఆ వెంటనే మెదడు లోతుల్లోని స్ట్రయాటమ్‌లో డోపమీన్ తయారీ ఎంతుందో కొలిచారు. రోగుల్లో మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ. ఈ రెండు సంగతులూ విడివిడిగా పాతవే. కొత్త సంగతి ఏమిటంటే ఎవరిలో ముందు భాగం ఎంత మందకొడిగా ఉందో వాళ్లలో లోపలి డోపమీన్ అంత ఎక్కువగా ఉంది. ఆరుగురే కదా అంటే, ఆరుగురే. అయినా అజమాయిషీ సడలిన ఇంట్లో వంటమనిషి ఉప్పు ఎక్కువ వేసినట్టుందన్న ఊహకు అక్కడ ఒక ఆధారం దొరికింది.

రోగి మంచం దాకా చేరే అవకాశం ఉన్న ఉదాహరణ లండన్‌ది. మామూలు మందులకు లొంగని రోగులు సుమారు మూడో వంతు ఉంటారు. 2012లో అర్సిమే దెమ్‌జహా, ఆలివర్ హౌస్ బృందం పెట్‌తో చూస్తే, మందులకు లొంగినవాళ్లలో డోపమీన్ తయారీ ఎక్కువగా ఉంది. లొంగనివాళ్లలో అది ఆరోగ్యవంతుల్లో ఉన్నట్టే ఉంది. తర్వాత ఎమ్మారై గొట్టంతోనే రసాయనాలను కొలిచే పద్ధతి ఒకటి వాడితే, లొంగనివాళ్లలో నుదుటి వెనక లోపలి మడతలో గ్లూటమేట్ ఎక్కువగా కనిపించింది. అంటే బయటికి ఒకే పేరున్న జబ్బు లోపల రెండు దారుల్లో నడుస్తూ ఉండొచ్చు. డోపమీన్ సరిగానే ఉన్న మనిషికి డోపమీన్ మందులు ఏళ్ల తరబడి మార్చి మార్చి ఇవ్వడం, లీకు లేని పైపుకు మాట్లు వేస్తూ పోవడమే. అలాంటివాళ్లకు పనిచేసే అవకాశం ఉన్న క్లోజపిన్, తెల్లరక్తకణాలు పడిపోతాయేమోనన్న భయంతో, క్రమం తప్పక రక్తపరీక్షలు చేస్తూ ఇవ్వాల్సిన మందు. దాన్ని ఎవరికి ముందుగానే ఇవ్వాలో గొట్టం చెప్పగలిగితే ఒక ఇంటికి కొన్నేళ్లు మిగులుతాయి.

ఇప్పుడు ఇంజనీర్ల పాట్లు. పాత డబ్బా టీవీ దగ్గర అయస్కాంతం పెట్టి నాన్న చేత తిట్లు తిన్నవాళ్లకు మొదటి పాటు వెంటనే అర్థమవుతుంది. తెర మీద రంగులన్నీ వంకర తిరిగేవి గుర్తుందా? గొట్టంలో పరుగెత్తే ఎలక్ట్రాన్లను అయస్కాంతం పక్కకు లాగడం వల్ల అలా అయ్యేది. పెట్ స్కానర్లలో స్ఫటికం మెరుపును పట్టుకునే ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు కూడా అచ్చం అలాంటి శూన్యనాళాలే. వాటిని ఎమ్మారై పక్కన పెడితే గుడ్డివైపోతాయి. ఎమ్మారై అయస్కాంతం 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. శూన్యనాళాలు వదిలేసి, అయస్కాంతం అంటే లెక్కలేని సిలికాన్ ముక్కలతో మెరుపును పట్టడం వచ్చాకే ఈ రెండు యంత్రాలకు పొత్తు కుదిరింది. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో 3 టెస్లా ఎమ్మారై గొట్టంలోకి తలకు సరిపడే పెట్ వలయాన్ని దూర్చి, దానితోపాటు ఈఈజీ టోపీ కూడా పెట్టి మూడూ ఒకేసారి తీశారు. ట్రైమేజ్ వాళ్లు ఇంకో అడుగు వేసి, తల మాత్రమే పట్టే చిన్న యంత్రాన్ని, 1.5 టెస్లాతో, ద్రవ హీలియం తొట్టి అక్కర్లేని అయస్కాంతంతో రూపొందించడానికి పూనుకున్నారు. హీలియం ధర తెలిసిన ఆస్పత్రులు ఈ చివరి మాట దగ్గర చెవులు రిక్కిస్తాయి.

ఎక్కువ ఏడిపించేది ఈఈజీ. 1924లో యేనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మొదటిసారి మనిషి తల మీంచి రాబట్టిన ఆ తరంగాల బలం మైక్రోవోల్టుల్లోనే. ఎమ్మారై తన క్షేత్రాన్ని టకటకా మార్చుతున్నప్పుడు అవే ఎలక్ట్రోడుల్లో పుట్టే గోల దానికి వందల రెట్లు. జాతరలో మైకుల మధ్య చెవిలో గుసగుస వినాలన్నట్టు. అదృష్టవశాత్తూ ఆ గోల ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి, సగటు నమూనా కట్టి తీసెయ్యొచ్చు. గుండె చేసే గోల అంత బుద్ధిగా ఉండదు. నాడి కొట్టినప్పుడల్లా తల వెంట్రుకవాసి కదులుతుంది, చర్మం కింద రక్తనాళం ఉబ్బుతుంది. అయస్కాంతంలో తీగ కదిలితే విద్యుత్తు పుడుతుందన్నది హైస్కూలు పాఠమే. ఒక్క గుండె దెబ్బకూ ఇంకో దెబ్బకూ పోలిక ఉండదు గనక, నాటానెన్ పల్లాన్ని ఈ అలల్లోంచి ఏరుకోవడం నేర్పు పని. అయస్కాంతం ఎంత పెద్దదైతే ఈ పీడ అంత ఎక్కువ. 1.5 దగ్గర ఆగడంలో ఇదీ ఒక లాభం. తీగలు వేడెక్కి చర్మం కాలకుండా ఒక్కో ఎలక్ట్రోడుకూ ఒక్కో చిన్న నిరోధకం పెడతారు. సరే, ఎముకలో నీళ్లు తక్కువ కాబట్టి ఎమ్మారైకి పుర్రె సరిగా కనపడదు, పుర్రె ఎంత గామాను మింగిందో తెలియకపోతే పెట్ లెక్క తప్పుతుంది... ఇలా ఒకటి తర్వాత ఒకటి.

యంత్రానికి లేని ఇంకో చిక్కు మనిషికి ఉంది. 1810లో లండన్ బెడ్లమ్ ఆస్పత్రి మందుల అధికారి జాన్ హాస్లమ్ ఒక రోగి కథ పుస్తకంగా అచ్చేశాడు. ఎక్కడో నేలమాళిగలో కూర్చున్న దుండగులు గాలి మగ్గం అనే యంత్రంతో తన ఆలోచనలను నేస్తున్నారని ఆ రోగి జేమ్స్ టిల్లీ మాథ్యూస్ నమ్మకం. 1919లో వియన్నా మనోవిశ్లేషకుడు విక్టర్ టౌస్క్ ఇలాంటి నమ్మకాల మీద ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. దూరాన ఉన్న యంత్రమేదో తమ తలలో బొమ్మలు చూస్తోందని, మాటలు చొప్పిస్తోందని చెప్పే రోగులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. కాలాన్ని బట్టి యంత్రం పేరు మారుతుంది: ఒకప్పుడు రేడియో, తర్వాత ఉపగ్రహం, ఇప్పుడు తలలో చిప్. అలాంటి మనిషికి తలకు తీగలు తగిలించి, నరంలో రేడియోధార్మిక ద్రవం ఎక్కించి, డబడబలాడే గొట్టంలోకి తోస్తూ, ‘మీ ఆలోచనలు మేం చదవడం లేదు’ అని చెప్పాలి. చాలామంది ఒప్పుకుంటారు, తమలాంటివాళ్లకు పనికొస్తుందనే ఒప్పుకుంటారు. కానీ ఒప్పుకోనివాళ్లు ఎవరో ఆలోచించండి. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు. మన దగ్గరున్న బొమ్మల్లో వాళ్లవి తక్కువ. ఈ లోటును ఏ సిలికాన్ ముక్కా పూడ్చదు.

పెట్, ఎమ్మారై కలిసిన యంత్రం మనకు దూరంగా ఏమీ లేదు, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది. అయినా మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు అనుమానం వస్తే కావలసింది స్కాన్ కాదు, తీరిగ్గా మాట్లాడి చూసే మానసిక వైద్యుడు. డాక్టరు ఎప్పుడైనా స్కాన్ రాస్తే అది కణితి లాంటి ఇతర కారణాలు లేవని చూసుకోవడానికి. రంగురంగుల మెదడు బొమ్మ చేతిలో పెట్టి, ఇదిగో ఇదే స్కిజోఫ్రీనియా అని డబ్బు వసూలు చేసేవాళ్లు తగిలితే లేచి వచ్చెయ్యండి.

పరీక్ష ముగిసింది. గొట్టంలోంచి బల్ల బయటికి జరిగింది. ఈఈజీ టోపీ తీసేస్తే జుట్టంతా జిగురు. తలస్నానం చెయ్యమని తువ్వాలు ఇస్తారు. అతని మెదడు తిన్న చక్కెరకు తగిలించిన ఫ్లోరిన్-18, ప్రతి 110 నిమిషాలకు సగమవుతూ పోతుంది. పొద్దున పదింటికి ఎక్కించినది రాత్రి తొమ్మిదింటికి 64వ వంతు మిగులుతుంది. కంప్యూటర్‌లో మూడు గడియారాల కొలతలు పక్కపక్కనే ఉన్నాయి: వెయ్యో వంతు సెకన్లలో ఈఈజీ, ఐదారు సెకన్లు ఆలస్యంగా నడిచే రక్తం, నిమిషాలు గంటలుగా పేరుకున్న చక్కెర. బూప్ వినపడ్డ వందలాది క్షణాలు మూడింటి మీదా గుర్తుపెట్టి ఉన్నాయి. వాటిని జతకలిపే కుర్రవాడు ఇంకో రెండు నెలలు ఆ కుర్చీలోంచి లేవడు. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన మనిషి మాత్రం ఒకే ఒక్క మాట అడిగాడు, ఆ సినిమాలో చివరికి ఏమైందని.